బెంగళూరు మ్యాపు కడప ఎండకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

రాత్రిపూట బైపాస్‌ల మీద మోత మోగిస్తూ తిరిగే కార్ల గురించి మీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం), సైలెన్సర్ మంట, డ్రిఫ్ట్ (మలుపులో కారును కావాలని పక్కకు జార్చడం) అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘జపాన్ కార్ల ఆగడాలు’ అంటున్నారు. రోడ్డు మీద ఈ ఆటలు కూడదన్న మీ మాటతో మాకు పేచీ లేదు. కానీ ఆ కార్లలో ఏం జరుగుతోందో, ఇంజన్లు నెలల్లోనే ఎందుకు బోరుకొస్తున్నాయో, అందులో కూర్చున్నవాళ్ల ప్రాణానికి ముప్పు ఎక్కడుందో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ లేఖ. కొంచెం పెద్దదే, అయినా కత్తిరించకుండా వేయమని మనవి.

ముందు అవి ఏ కార్లో చెప్పుకోవాలి. నిస్సాన్ సిల్వియా, పాత టొయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7 లాంటివి అనంతపురంలోనో కర్నూలులోనో రోడ్డెక్కే అవకాశం దాదాపు లేదు. బయటి దేశంలో వాడిన కారును ఇక్కడికి తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదన్నది దిగుమతి నిబంధన. ఈ మూడు కార్ల తయారీ 2002లోనే ఆగిపోయింది. మన ఊళ్లలో తిరుగుతున్నవి మారుతి ఫ్రాంక్స్ టర్బో, దాని తోడబుట్టిన టొయోటా టైజర్, నిస్సాన్ మాగ్నైట్ టర్బో, 2017లో వచ్చిన బలెనో ఆర్‌ఎస్. అన్నీ ఒక లీటరు, మూడు సిలిండర్ల ఇంజన్లు. కంపెనీ ఇచ్చిన శక్తి 100 హార్స్‌పవర్ అటూఇటూ. వీటికి రీమ్యాప్ చేయిస్తే, అంటే పెట్రోలు ఎంత, స్పార్క్ ఎప్పుడు అని ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పే అంకెల పట్టికను (మ్యాపును) మార్పిస్తే, కంపెనీ వారంటీ పోతుంది, ఆర్టీఓ నిబంధనలూ ఒప్పుకోవు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. అయినా చేయించుకున్న కార్లు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి వాటి సంగతి మాట్లాడక తప్పదు.

ఇక్కడివాళ్లలో ఎక్కువమంది రీమ్యాప్‌కు బెంగళూరు వెళ్తారు. దగ్గర కదా, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయవచ్చు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 91 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. అనంతపురం 335 మీటర్లు, ఒత్తిడి 97. కడప 138 మీటర్లే, ఒత్తిడి దాదాపు 100. షెడ్డులో పెద్ద ఫ్యాను పెట్టి, 24 డిగ్రీల చల్లగాలిలో డైనో (కారును నిలబెట్టి శక్తి కొలిచే యంత్రం) మీద సరిచేసిన మ్యాపును మే నెలలో 44 డిగ్రీల కడప గాలిలోకి దింపుతున్నారు.

లెక్క వేసి చూడండి. 1 బార్ బూస్ట్ (బయటి గాలి మీద టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడి; 1 బార్ అంటే 100 కిలోపాస్కల్), 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) అనుకుందాం. బెంగళూరులో 24 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లిన గాలి టర్బో నుంచి సుమారు 125 డిగ్రీలతో బయటికి వస్తుంది. 70 శాతం పనిచేసే ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్) దాన్ని 54కు దించుతుంది. కడపలో అదే గాలి 143 డిగ్రీలతో బయటపడుతుంది. పైగా దాన్ని చల్లబరచాల్సిన గాలి కూడా 44 డిగ్రీలే. ఇంజన్‌లోకి చేరేసరికి 74. అంటే సిలిండర్‌లోకి పోయే గాలి 20 డిగ్రీలు ఎక్కువ వేడి. ఇక ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం) పీడనం మొత్తాన్ని కొలిచి వేస్ట్‌గేట్‌ను (బూస్ట్ మితిమీరకుండా చూసే తలుపును) నడిపే కారైతే ఒత్తిడి తేడా అదే సర్దుకుంటుంది. వేస్ట్‌గేట్ రాడ్‌ను బిగించి, లేదా చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్ పెట్టి బూస్ట్ పెంచిన కారైతే, బయటి గాలి మీద 1 బార్ అదనం అన్నట్టే అది నడుస్తుంది. బెంగళూరులో 191 కిలోపాస్కల్ ఉన్న మ్యానిఫోల్డ్ ఒత్తిడి కడపలో 200 అవుతుంది. మ్యాపులో ఆ గడి దాకా ఎవరూ సరిచేసి ఉండరు. వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, ఇగ్నిషన్ (స్పార్క్ పడే సమయం) మాత్రం పాతదే. నాకింగ్ రాక ఏం చేస్తుంది?

నాకింగ్ అంటే స్పార్క్ వెలిగించిన మంట అంచుదాకా పాకకముందే మిగిలిన పెట్రోలు-గాలి తనంతట తాను భగ్గుమనడం. ఆ దెబ్బ మొదట పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్నని గట్టుకు తగులుతుంది. గట్టు విరిగితే రింగు నిలవదు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగ, ఆయిల్ తాగడం, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోవడం, అన్నీ వరసగా వస్తాయి. సుబారు ఈజే25 టర్బో ఇంజన్లకు ప్రపంచమంతటా ఉన్న పేరు మోసిన జబ్బు ఇదే. లీటరు ఇంజన్‌కు ఇది రాదని నమ్మడం తప్పు. స్పార్క్ ప్లగ్ విప్పి దీపం వెలుగులో చూస్తే తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే అల్యూమినియం పూసలో కనిపిస్తే ఆ కారును ఆ రోజే ఆపేయాలి.

దీనికి పెట్రోలు సంగతి తోడైంది. జపాన్‌లో టర్బో కార్లు తాగేది సాధారణంగా 98 నుంచి 100 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత) ఉన్న ‘హైఆక్టేన్’ పెట్రోలు. అక్కడి ట్యూనర్లు ఇచ్చే ఇగ్నిషన్, బూస్ట్ అంకెలు దాన్ని నమ్ముకుని వేసినవి. మన బంకుల్లో చాలాకాలం 91 ఆక్టేనే ఉండేది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) ప్రమాణం వచ్చాక కనీసం 95 అయింది. ఆక్టేన్ పెరగడం మేలే. కానీ ఇథనాల్ ఇంకో పని చేస్తుంది. మామూలు పెట్రోలు 1 కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ దిద్దుకుంటుంది. పాత ఈసీయూలు, బయట కొన్న స్టాండలోన్ ఈసీయూలు చాలావరకు పూర్తి బూస్ట్‌లో ఆ దిద్దుబాటు చేయవు. మ్యాపులో రాసిన అంకెనే పోస్తాయి. సరిగ్గా ఎక్కువ కావలసిన చోట 8 శాతం తక్కువ పడుతుంది. స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం దిద్దుతోందో చెప్పే అంకె) చూడండి. ఎప్పుడూ ప్లస్ 8, 9 దగ్గర నిలబడి ఉంటే మ్యాపు పాత పెట్రోలుకు రాసినదై ఉండవచ్చు.

ట్యూనింగ్ చేసేవాళ్లు ఇకపైన గాలి-పెట్రోలు నిష్పత్తిలో కాకుండా లామ్డాలో (పెట్రోలు పూర్తిగా కాలడానికి కావలసిన గాలిలో ఎంత వంతు అందుతోందన్న కొలతలో) మాట్లాడుకోవాలి. పూర్తి బూస్ట్‌లో 0.78 నుంచి 0.82 మధ్య ఉంచితే ఏ పెట్రోలు పోసినా అర్థం మారదు. వైడ్‌బ్యాండ్ గేజి (ఎగ్జాస్ట్‌లో ఈ నిష్పత్తిని కొలిచే మీటరు) చాలావరకు లామ్డాను 14.7తో గుణించి చూపిస్తుంది కాబట్టి 0.80 అంటే గేజి మీద 11.8 కనిపిస్తుంది. ట్యాంకులో ఈ20 ఉన్నా ఆ అంకెనే చూడాలి. వేరే అంకె కోసం వెతకడం మొదలుపెట్టారా, ఇంజన్ పోతుంది.

కాబట్టి మా సలహా ఇది. బెంగళూరులో మ్యాపు చేయించుకున్నా చివరి దిద్దుబాటు మన ఎండలో, మన ఎత్తులో జరగాలి. ఇన్‌టేక్ గాలి వేడి 50 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఇగ్నిషన్‌ను ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి లాగేలా టేబుల్ రాయించండి. 70 దాటితే బూస్టే తగ్గేలా రాయించండి. రీమ్యాప్‌కు ముందే కంప్రెషన్ చూడాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించితే ఆ ఇంజన్‌ను ముట్టుకోవద్దు. ఇన్‌టేక్ గొట్టాల్లోకి 1 బార్ గాలి ఎక్కించి, క్లాంపుల దగ్గర సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి. ఎక్కడో గాలి కారుతుంటే టర్బో దాన్ని పూడ్చడానికి ఇంకా వేగంగా తిరిగి, ఇంకా వేడి గాలిని తోస్తుంది. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి) వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు తేవాలి. లేకపోతే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి కారు కుదుపుతుంది. దాన్నే చాలామంది ‘పెట్రోలు పంపు పోయింది’ అనుకుని పంపు మారుస్తున్నారు.

టాప్ గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే అలవాటు ఈ చిన్న టర్బోలకు యమపాశం. అక్కడ వచ్చేది మామూలు నాకింగ్ కూడా కాదు. ఆయిల్ తుంపరలు స్పార్క్‌కు ముందే అంటుకుని పిస్టన్‌ను ఒక్క దెబ్బకు పగలగొడతాయి. ముఖ్యంగా ఫ్రాంక్స్ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో. గేరు దించి లాగండి. డబ్బా మీద ఏపీఐ ఎస్పీ అని ఉన్న ఆయిల్ వాడండి. సివిటి (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న మాగ్నైట్‌కు కంపెనీయే టార్క్‌ను 160 నుంచి 152 న్యూటన్ మీటర్లకు తగ్గించింది. బెల్టు ఎంత మోయగలదో వాళ్లకు తెలుసు. అలాంటి కారుకు 200 అని రాసి ఇచ్చే ట్యూనర్ దగ్గర నిలబడొద్దు.

మన ప్రాంతానికే చెందిన రెండు శత్రువులు దుమ్ము, బోరు నీళ్లు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల, గ్రానైట్ పాలిష్ యూనిట్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న దారుల్లో గాలిలో ఎంత పొడి ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కరలేదు. అక్కడ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ బిగిస్తున్నారు. అది బానెట్ కింద రేడియేటర్ వేడి గాలినే పీలుస్తుంది. పైగా నూనె రాసిన గుడ్డ ఫిల్టర్ సన్నటి పొడిని ఆపదు. ఆ నూనె ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద పేరుకుని గాలిని తప్పుగా చూపిస్తుంది. లోపలికి పోయిన పొడి నిమిషానికి లక్ష చుట్లు పైన తిరిగే కంప్రెసర్ రెక్కల అంచులను తినేస్తుంది. గ్రానైట్ పొడైతే సిలిండర్ గోడలను కూడా గీకుతుంది. కంపెనీ పేపర్ ఫిల్టరే పెట్టి, చెప్పిన గడువులో సగానికే మార్చండి. ఫిల్టర్ దాటాక గొట్టం లోపల వేలు పెట్టి తుడిస్తే వేలికి పొడి అంటకూడదు. అంటిందంటే ఫిల్టరో క్లాంపో సరిగా కూర్చోలేదు. బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయడం ఇంకా మానలేదు. అనంతపురం బోరు నీళ్లలోని లవణాలు నీళ్లతో చల్లబడే టర్బో సన్నటి దారుల్లో గారగా పేరుకుంటాయి. కూలంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. వేరే ఏదీ వద్దు.

ఇక మోత. ‘ఫట్ ఫట్’ మని పేలే ఆ శబ్దం శక్తికి గుర్తు కాదు. యాక్సిలరేటర్ వదిలాక కూడా పెట్రోలు పోస్తూ, ఇగ్నిషన్‌ను బాగా వెనక్కి లాగి, మంటను సిలిండర్‌లో కాకుండా ఎగ్జాస్ట్‌లో మండించడం. దానివల్ల కారు అంగుళం కూడా ముందుకు పోదు. టర్బైన్ చక్రం, క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతాయి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ‘స్టుటుటు’ అన్న శబ్దం గాలి కంప్రెసర్‌కే ఎదురు తన్నడం. అది టర్బో బేరింగుకు దెబ్బ. ఈ రెండూ తీసేయమని చెప్పే మెకానిక్ మంచి మెకానిక్.

డ్రిఫ్ట్ దగ్గరికి వస్తే, పైన చెప్పిన ఫ్రాంక్స్, మాగ్నైట్, బలెనోలతో అది సాధ్యమే కాదు. అవి ముందు చక్రాలతో నడిచే కార్లు. హ్యాండ్‌బ్రేక్ లాగి వెనక భాగాన్ని విసిరితే కారు జారుతుంది గానీ, ఇంజన్ బలంతో ఆ జారుడును నిలబెట్టడం కుదరదు. చివరికి కారు ఎటు పోతుందో నడిపేవాడి చేతిలో ఉండదు. వెనక చక్రాలతో నడిచేవి కదా అని జిప్సీ, ఓమ్నీ, బొలెరోలతో ప్రయత్నిస్తున్నవాళ్లకు గట్టిగా చెబుతున్నాం: అవి ఎత్తు బళ్లు, ఇరుకు బళ్లు, జారే బదులు పల్టీ కొడతాయి. మన దేశంలో ఈ పనికి అందుబాటులో ఉన్నవి పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ ఉన్న కాంటెస్సా క్లాసిక్ లాంటి కొన్ని. శక్తి కూడా ఊరికే పెంచనక్కరలేదు. జపాన్ కొండదారుల్లో ఈ విద్యకు పేరు తెచ్చిన కెయిచి సుచియా నడిపిన టొయోటా ఏఈ86లో ఉన్నది 1587 సిసి ఇంజన్, టర్బో కూడా లేదు.

డ్రిఫ్ట్ కారుకు మొదటి ఖర్చు డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) మీద పెట్టాలి. డిఫరెన్షియల్ లోపలి గేర్లను వెల్డింగ్ చేసి రెండు చక్రాలనూ ఒకటిగా తిప్పడం చౌక మార్గం. నున్నటి మైదానంలో అది నడుస్తుంది. రోడ్డు మీద ప్రతి మలుపులో లోపలి చక్రం ఈడ్చుకుపోయి, ఏదో ఒక రోజు యాక్సిల్ తెగుతుంది. వెల్డింగ్ బిట్టు ఊడి గేర్ల మధ్య పడితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. డబ్బు ఉంటే క్లచ్ ప్లేట్లున్న 1.5 వే లేదా 2 వే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం అందేలా చూసేది) వేయించండి. ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలిన కోణం) మైనస్ 3 నుంచి 4 డిగ్రీలు, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) 6, 7. వెనక క్యాంబర్ మైనస్ 1 లోపు, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచుల దిశ) కొద్దిగా లోపలికి. స్టీరింగ్ కోణం పెంచడానికి నకుల్‌ను (ముందు చక్రాన్ని పట్టి తిప్పే ముక్కను) కోసి అతికించే లేత్ పని కంటికి బాగున్నా, వేడెక్కి చల్లారిన ఆ అతుకే ఒత్తిడి పడ్డప్పుడు మొదట విరుగుతుంది. తయారైన నకుల్ కొనడమే మేలు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొడితే పైకప్పు నలగకుండా లోపల కట్టే గొట్టాల చట్రం. నీళ్ల పైపులకు వాడే జీఐ పైపును వంచి, కారు లోపల వెల్డింగ్ చేసి కేజ్ అంటున్నారు. అతుకు పైపు దెబ్బకు అతుకు వెంబడి చీలుతుంది. జింకు పూత మీద వేసిన వెల్డింగ్ పెళుసుగా ఉంటుంది, ఆ పొగ వెల్డర్ ఊపిరితిత్తులకు విషం. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం ప్రధాన కమాను 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం ఉన్న, అతుకు లేని కోల్డ్ డ్రాన్ ఉక్కు గొట్టంతో చేయాలి. మందం 2.0 అయితే వ్యాసం 50. మిగతా గొట్టాలు 38 వ్యాసం, 2.5 మందం. కేజ్ పాదాల కింద 3 మిల్లీమీటర్ల పలక, కనీసం 120 చదరపు సెంటీమీటర్లు. సరైన కేజ్ ఉన్నా హెల్మెట్ లేకుండా అందులో కూర్చోకూడదు. మామూలు సీటు బెల్టుతో చిన్న గుద్దుకే తల ఇనుప గొట్టానికి తగులుతుంది. కేజ్ బిగించిన కారులో స్నేహితులను ఎక్కించుకుని ఊళ్లో తిరగడం ఎంత ప్రమాదమో తల్లిదండ్రులకు తెలియాలి.

ఎస్ఆర్20 (సిల్వియాలోని నిస్సాన్ టర్బో ఇంజన్) లాంటి జపాన్ ఇంజన్‌ను విడిగా తెచ్చి పెట్టుకోవాలనుకునే కొద్దిమందికి ఒక లెక్క. హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 6 సిసి పెట్రోలు కావాలి. 250 హార్స్‌పవర్ అంటే 1500 సిసి, నాలుగు ఇంజెక్టర్లకు పంచితే 375. ఇంజెక్టర్‌ను 80 శాతం మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 470, ఈ20కి 9 శాతం కలిపితే 500 పైన. ఆ ఇంజన్‌తో వచ్చే 370 సిసి ఇంజెక్టర్లు ఇక్కడ చాలవు. ఆర్‌పీఎం హద్దు దాటిస్తే దాని రాకర్ ఆర్మ్‌లు (వాల్వులను తెరిచే ముక్కలు) ఊడిపడతాయి. జారేటప్పుడు ఆయిల్ సంపులో ఒక పక్కకు పోయి పంపుకు అందదు, అందుకని సంపులో అడ్డుపలకలు తప్పనిసరి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అలా మార్చిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి డ్రిఫ్ట్ కారు ఎప్పుడూ లారీ మీద రావాలి, లారీ మీద పోవాలి. రోడ్డు కారును రోడ్డు కారుగానే ఉంచండి.

పందేలను శిక్షించే 189వ సెక్షన్‌లోనే, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చన్న మాట ఉంది. ఆ దారిని ఈ జిల్లాల్లో ఎవరూ వాడుకోవడం లేదు. మనకు దగ్గరి పెద్ద ట్రాకులు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ఉన్నాయి. కర్నూలు నుంచి కారును లారీ మీద అక్కడికి తీసుకెళ్లే స్తోమత ఎంతమందికి ఉంటుంది? డ్రిఫ్ట్‌కు పొడవాటి ట్రాకు అక్కరలేదు. అందులో మార్కులు వేసేది గీత, కోణం, వేగం, ఒడుపు చూసి. గడియారం చూసి కాదు. 150 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన తారు లేదా కాంక్రీటు నేల చాలు. చుట్టూ టైర్ల వరస, రెండు అగ్నిమాపక సిలిండర్లు, ఒక అంబులెన్స్, జాతీయ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి, ప్రతి కారుకూ కేజ్, సీటు, బెల్టు తనిఖీ. తనిఖీ చేసే పనిని స్థానిక పాలిటెక్నిక్, ఐటీఐ ఆటోమొబైల్ విభాగాలకు అప్పగిస్తే విద్యార్థులకు అంతకన్నా మంచి ప్రాక్టికల్ ఉండదు. ఓర్వకల్లు వైపు గానీ అనంతపురం చుట్టుపక్కల గానీ పారిశ్రామికవాడల్లో ఖాళీగా ఉన్న స్థలాల్లో నెలకు ఒక్క ఆదివారం ఇచ్చినా సరిపోతుంది.

మీ జిల్లా విలేకరులు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కలెక్టర్లను, రవాణా అధికారులను ఈ ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాం: 189వ సెక్షన్ కింద అనుమతి కోసం దరఖాస్తు వస్తే ఎవరి బల్ల మీదికి వెళ్లాలి, ఏయే కాగితాలు జతచేయాలి? ఆ జవాబును మీ పేజీలో వేస్తే మొదటి దరఖాస్తు రాసిపెట్టే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఇంజన్ పని చేసే కొందరు మెకానిక్కులు,
అనంతపురం